గని గంట – దాని దోషములు

గోదావరిఖనిలో జనులు దినమును గడియారముతో గాక సైరను కూతతో కొలుచుకొందురు. మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు – ఈ మూడింటిని బట్టియే పొయ్యిలో నిప్పు రాజుకొనుటయు, పిల్లలు బడికి పోవుటయు, చుట్టములు రాకపోకలు సాగించుటయు. అయినను నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము ఆ పెద్ద కూత గాదు. భూమిలోపల, సూర్యకిరణము చొరని చోట, ఇనుపగిన్నెపై చిన్న సుత్తి తగులగా పుట్టు శబ్దమును గూర్చి చెప్పదలచితిని. దానిని గని గంట యందురు. అది మూగవోయినప్పుడు మనుష్యులు దోషమును వెదకిన తీరు, అది చక్కగా మ్రోగుచున్నప్పుడు సయితము అందు దాగియున్న దోషమును కనుగొనుటకు చెల్లించిన వెల, ఈ రెండును చరిత్రలో నెక్కదగిన సంగతులు.

గనిలోనికి దిగని పెద్దలకొరకు ముందుగా దాని పని చెప్పెదను. ఏటవాలుగా లోనికి పోవు దారిలో పట్టాలమీద బొగ్గు టబ్బులు వరుసగా నడచును. వానిని లాగు ఉక్కుత్రాడు చివర హాలేజి యంత్రముండును. యంత్రము నడపువానికి టబ్బులు కానరావు. టబ్బులకడ నున్నవానికి యంత్రము కానరాదు. నడుమ పావుకోసో, అరకోసో చీకటి. ఆ చీకటిని దాటి పోవు మాట గంట యొక్కటే. యంత్రము కదలుచుండగా ఒక్క దెబ్బ వినబడినచో ‘నిలుపుము’ అని యర్థము. తక్కిన ఆజ్ఞలకు రెండు, మూడు, అంతకు మించిన దెబ్బలు గలవు. అన్నిటికంటె ముఖ్యమైన ఆజ్ఞకు అన్నిటికంటె చిన్న సంకేతము నిచ్చుట మిక్కిలి తెలివైన పని యని నా యభిప్రాయము. ఆపదలో నున్నవాడు లెక్కపెట్టి కొట్టలేడు గదా.

రెండేండ్ల క్రిందట నా పూర్వశిష్యుడొకడు, విద్యుత్పనివాడుగా జీవించువాడు, పాతసామానుల అంగడిలో ఇట్టి గంట నొకదానిని తూకమునకు కొని మా యింటికి తెచ్చెను. ఏ గనిదో, ఎన్ని చేతులు మారి వచ్చినదో తెలియదు. బరువైన పోత ఇనుప పెట్టె, దానిపై గిన్నె, లోపల రెండు తీగచుట్టలు. “సారూ, దీన్ని బాగుచేసి బడికిద్దాం” అనెను. నాకు వ్యాకరణము, తర్కము చెప్పిన గురువులు విద్యుత్తును చెప్పలేదు. కాని వెదకుట యను కళ తర్కశాస్త్రమునకు పరాయిది గాదని తలచి సరే యంటిని.

మూత విప్పినంతనే వాడు కాంటాక్టును గీకబోయెను. నేను క్రొత్త బ్యాటరీ తగిలింపబోతిని. ఇద్దరము మానుకొంటిమి. మొదటనే గీకి, తుడిచి, బిగించినచో రోగముతోపాటు రోగలక్షణములును పోవును. తరువాత ఏది కారణమో తెలియదు. కావున ఆ సాయంకాలమంతయు తీగలెచ్చటినుండి యెచ్చటికి పోవుచున్నవో కాగితముమీద గీసికొంటిమి. తీగచుట్టల ప్రక్కన రెండు చిన్న మరలు, వానికి తెగిన తీగముక్కలు కానవచ్చినవి. వానికి పని యేమియు తోచక, పాత మరమ్మతులో మిగిలిన పీలిక లనుకొని విడిచితిమి. ఈ తెగిన ముక్కలను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

విద్యుద్దోషములను వెదకు శాస్త్రము గంటలతో పుట్టలేదు, తంతితో పుట్టినది. మన దేశమున 1839లో కలకత్తా చెంత ఓషాగ్నెసీ యను వైద్యుడు తీగలు కట్టి పరీక్షలు చేసెను. 1851లో కలకత్తానుండి డైమండ్ హార్బరునకు తంతిదారి నడచెను. వానలు, చెదలు, గాలివానలు, తీగపై వ్రాలు పక్షులు – వీనివలన వార్త నిలిచిపోవుచుండెను. తంతివారు అనుభవముచేత దోషముల నన్నిటిని మూడు తరగతులు చేసిరి. తీగ తెగుట యొకటి. తీగ నేలను తగిలి ప్రవాహము భూమిలోనికి జారిపోవుట రెండవది. ఒక తీగ మరియొక తీగను తగులుట మూడవది. వాత పిత్త శ్లేష్మములవలె ఈ మూడే. నేటి యంత్రము లెంత చిక్కువైనను, పనివాడు మొదట అడుగు ప్రశ్న ఈ మూటిలో నేది యనియే.

దోషమెచ్చట నున్నదో మైళ్ల లెక్కతో చెప్పు ఉపాయమును కలదు. తీగ పొడవును బట్టి దాని నిరోధము పెరుగును; నిరోధమును తూచు త్రాసువంటి వలయమును క్రిస్టీ యను ఆంగ్లేయుడు 1833లో చెప్పెను, వీట్‌స్టన్ 1843లో దానిని ప్రచారములోనికి తెచ్చెను. లోకము దానిని వీట్‌స్టన్ వారధి యని పిలుచుచున్నది. కనిపెట్టినవానిని మరచి చాటినవానిని తలచుట కావ్యలోకమునందే గాదు, ఇక్కడను గలదు. ఈ త్రాసుతో కొలచి, కచేరీలో కూర్చుండియే దోషమిన్ని మైళ్ల దూరమున నున్నదని చెప్పి మనిషిని పంపుచుండిరి.

మా గంటకు మైళ్లు లేవు గావున సగము చేయు పద్ధతి చాలెను. టార్చి బల్బు నొకదానిని ఒక ఘటమునకు కట్టి, రెండు తీగలు వ్రేలాడదీసి, పరీక్షదీపము చేసికొంటిమి. దారి నడుమ తాకించితిమి. దీపము వెలిగినచో ఆ సగము మంచిది, తక్కినదానిలో వెదకవలెను. దానిని మరల సగము చేయవలెను. ఇది మా తార్కికుల అన్వయవ్యతిరేకమే: ఇది యున్నచో అది యున్నది, ఇది లేనిచో అది లేదు. నాలుగు తాకుళ్లలో దోషము మొదటి తీగచుట్ట మొదలుకడ నిలిచినది. తీగకు చుట్టిన నూలు చెక్కుచెదరలేదు. లోపలి రాగి వంపుకడ తెగియున్నది. కంటికి అఖండము, కరెంటునకు ఖండము. వాడు టంకము వేసి అతికించెను. కాంటాక్టు కొన గుంటలు పడియుండగా ఉప్పుకాగితము చేతబట్టితిని; దాని రేణువులు లోహములో గుచ్చుకొని తరువాత బాధించునని వాడు వారించి, సన్నని ఆకురాయితో మెల్లగా నునుపు చేసెను. శిష్యునివలన గురువు నేర్చుట శాస్త్రసమ్మతమే.

బ్యాటరీ తగిలించితిమి. గణగణ మ్రోగెను! వీథిలోని పిల్లలు పరుగెత్తి వచ్చిరి. “మోగింది గదా సారూ, ఇగ దోషమేముంది?” అని వాడు నవ్వెను. అప్పటికి ప్రొద్దు గ్రుంకినది, ఇంటిలో ఇంకను దీపము వేయలేదు. ఆ మసక చీకటిలో సుత్తి ఆడినప్పుడెల్ల కాంటాక్టు కొనను నీలిరవ్వ మెరయుచుండుట కనబడెను. వాని నవ్వు ఆగిపోయినది. అప్పుడు వాడు కాగితముమీది పటము తెచ్చి, ఆ తెగిన తీగముక్కలవంక చాలసేపు చూచెను.

ఆ రవ్వ కథ చెప్పవలెనన్న దాదాపు రెండువందల యేండ్లు వెనుకకు పోవలెను. అమెరికాలో ఆల్బనీ యను పట్టణమున జోసెఫ్ హెన్రీ యను బడిపంతులు గలడు. అతడు 1831లో గదిచుట్టు మైలునకు మించిన తీగ పరచి, ఒక కొన బ్యాటరీ తగిలించి, రెండవ కొన విద్యుదయస్కాంతముతో గంట మ్రోగించి శిష్యులకు చూపెను. దూరమునకు విద్యుత్తుతో గంట కొట్టిన వారిలో అతడు మొదటివాడు. మరుసటి యేట, 1832లో, అతడే మరియొక వింతను ప్రకటించెను: చిన్న బ్యాటరీయే యైనను, పొడవైన తీగచుట్టగుండ పోవు ప్రవాహమును త్రెంచినప్పుడు పెద్ద రవ్వ పుట్టుచున్నది! గంటను, గంటలోని ప్రమాదమును ఒకే బడిపంతులు ఏడాది యెడముతో లోకమునకు చూపెను. నేను బడిపంతులనే గావున ఇది చెప్పునప్పుడు కొంచెము గర్వము కలుగుచున్నది, క్షమింపుడు.

కారణము సులభముగా చెప్పవచ్చును. నిండు టబ్బు పరుగెత్తుచుండగా దారికడ్డముగా గోడ వచ్చినచో అది యూరక నిలువదు, గ్రుద్దును. తీగచుట్టలోని ప్రవాహమును అట్టిదే. దారి తెగినంతనే ఆగనొల్లక, తెగినచోట గాలిలోనుండియే దుముకును. ఆ దుముకుటయే రవ్వ. బ్యాటరీ బలము కొలదియే. కాని దుముకునప్పటి బలము దానికి పెక్కురెట్లు. ఇక మన గంట యెట్టిదనగా, తన ప్రవాహమును తానే త్రెంచి తానే కలుపుకొనునది. తీగచుట్ట సుత్తిని లాగును, సుత్తి కదలినంతనే కాంటాక్టు విడివడును, లాగుడు పోవును, కమాను సుత్తిని వెనుకకు త్రోయును, మరల కాంటాక్టు కలియును. క్షణమునకు పలుమారులు త్రెంపు, త్రెంపునకొక రవ్వ.

ఇంటి వాకిట ఈ రవ్వవలన హాని లేదు. గనిలో వేరు. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను వాయువు గాలిలో నూటికి అయిదు మొదలు పదునైదు పాళ్లవరకు కలిసినప్పుడు నిప్పుసోకిన ప్రేలును. 1815లో హంఫ్రీ డేవీ గనిదీపమునకు సన్నని ఇనుపవలను కప్పి, జ్వాలను పంజరములో బంధించి, వేల ప్రాణములు కాచెను. అటుపిమ్మట నూరేండ్లు గడవకమునుపే మనుష్యులు గనిదారుల వెంబడి రెండు వట్టి తీగలను, పై తొడుగు లేనివానిని, సాగదీసిరి. ఎచ్చట నిలిచినను రెంటిని చేతితో కలిపి నొక్కినచో, లేదా ఇనుపముక్కతో తాకించినచో, దూరమున గంట మ్రోగును. మిక్కిలి సుకరము. దీపమునకు పంజరమున్నది, ఈ రవ్వకు లేదు. చిన్న బ్యాటరీ రవ్వ వాయువును అంటింపజాలదని పెక్కుమంది నమ్ముచుండిరి.

1913 అక్టోబరు 14వ తేదీ ఉదయము వేల్సు దేశమున సెంఘెనిడ్ అను పల్లెలోని యూనివర్సల్ గని ప్రేలెను. 439 మంది పనివారు, రక్షింపబోయిన మరియొకడు మరణించిరి. ఆ గనిలోనే 1901లో జరిగిన మరొక ప్రేలుడులో 81 మంది చనిపోయియుండిరి. రెండవ ప్రమాదమునకు మూలమేదో విచారణలో నిశ్చయముగా తేలలేదు. రాతికప్పు కూలినప్పటి రవ్వ యని కొందరు, దీపమని కొందరు అనిరి. కాని అనుమానింపబడిన వానిలో ముఖ్యమైనది ఈ గంటల తీగలలోని రవ్వ. నియమములను మీరినందుకు గని మేనేజరుపై 24 పౌనులు, యాజమాన్యముపై 10 పౌనులు జరిమానా పడెను. ఒక్కొక్క ప్రాణమునకు ఎన్ని పెన్నీలు పడినవో ఆనాటి వార్తాపత్రిక లెక్కకట్టి వేసినది. ఆ లెక్కను నేను మరల చెప్పను.

ఇచ్చట మా శాస్త్రపు మాట యొకటి చెప్పక తీరదు. ‘పర్వతముపై పొగ యున్నది గావున నిప్పున్నది’ అనునది మంచి హేతువు. ‘గంట మ్రోగుచున్నది గావున నిర్దోషము’ అనునది చెడ్డ హేతువు. ఏలనన మ్రోగుట దోషమున్న గంటలోను గలదు, దోషములేని గంటలోను గలదు. ఇట్టి హేతువును మా వారు సవ్యభిచారమందురు. సెంఘెనిడ్ గంటలు మ్రోగనివి గావు. తంతివారు నేర్పిన మూడు దోషములలో నొకటియు వానిలో లేకుండవచ్చును. తీగ తెగలేదు, నేల తగులలేదు, ఒండొంటిని తగులలేదు. పని చక్కగా సాగుచున్నది. పని సాగుటయే దోషమును కప్పిపెట్టినది. ఇది నాలుగవ దోషము. దీనికి పరీక్షదీపము వెలిగి సాక్ష్యమియ్యదు.

దానికి వేరు సాక్షి కావలసి వచ్చెను. ఇంగ్లండులో వీలర్, థారన్‌టన్ అను శాస్త్రజ్ఞులు వాయువు గాలి కలిపిన మిశ్రమములో గంటల రవ్వలను పుట్టించి, ఏ రవ్వ అంటించును, ఏది అంటింపదు అని ఒక్కొక్కటిగా పరీక్షించిరి. 1915 మొదలుకొని వారి నివేదికలు వెలువడినవి. తేలిన విషయమేమనగా, బ్యాటరీ చిన్నదగుట చాలదు. గంటలోని తీగచుట్ట దాచుకొన్న బలమే అసలు శత్రువు. చికిత్సయు దొరికినది. తీగచుట్టకు సమాంతరముగా, నిరోధము గల మరియొక చిన్నతీగను కట్టినచో, దారి తెగినప్పుడు ప్రవాహము గాలిలో దుముకక ఆ ప్రక్కదారిని మెల్లగా చల్లారును. మన చెరువులకు మత్తడి యున్నట్లు. మత్తడి లేని చెరువు నిండినప్పుడు కట్టనే తెంచుకొనును. ఆ మత్తడితీగయు గంట మ్రోగుటకు అక్కరలేదు. ఉన్నను మ్రోగును, లేకున్నను మ్రోగును.

మా గంటలో తెగియున్న ముక్కలు అవియే. ఎవరో, ఎప్పుడో, మరమ్మతు తొందరలో, పనిలేని తీగ యని కత్తిరించిరి. గంట మ్రోగుచునే యుండును, ఎవరును అడుగరు. ఆ తరువాత దానిని మరల క్రిందికి దింపిరో, పై అంగడులలో పడవేసిరో నాకు తెలియదు. ఆ రాత్రి శిష్యుడు చాలసేపు మాటాడలేదు.

ఈ నాలుగవ దోషము గనులకే పరిమితము గాదు, ఆటవస్తువులోను గలదు. మన సింగరేణి పొరలను ఇల్లెందు ప్రాంతమున విలియం కింగ్ యను భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించిన 1871వ సంవత్సరముననే, అమెరికాలో రెడ్‌గ్రేవ్ అనువాడు కమానుతో గోళీని త్రోయు ఆటబల్లకు పేటెంటు పొందెను. అదియే తరువాత పిన్‌బాల్ అయినది. 1933లో హారీ విలియమ్స్ అందు బ్యాటరీని, తీగచుట్టను, గంటను చేర్చెను. 1947లో గోళీని తిరిగి ఎగురగొట్టు చేతులు వచ్చినవి. గనిగంటకు తోబుట్టువే యది. అవే చుట్టలు, అవే కాంటాక్టులు, వందలకొలది. ఆ పాత బల్లలను నేడు ముచ్చటపడి బాగుచేయువారు పడు పాట్లు మేము గంటతో పడినవే: నల్లబడిన కాంటాక్టు, వంపుకడ తెగిన తీగ, వదులైన మర. అందులోని చేతిని ఆడించు చుట్టలో రెండు తీగలుండును. ఒకటి బలముగా లాగును, రెండవది లాగినదానిని మెల్లగా పట్టియుంచును. చేయి పైకి లేచినంతనే ఒక కాంటాక్టు విడివడి బలమైన ప్రవాహమును తగ్గింపవలెను. అది విడివడనిచో ఆటలో లోపము కనబడదు. చేయి ఇంకను గట్టిగా నిలుచును. కాని మీట నొక్కి పట్టినకొలది చుట్ట లోలోపల వేడెక్కి మాడిపోవును. ఫ్యూజు పోయినదని దానికంటె లావుతీగ వేయువారును గలరు. అక్కడ పోవునది యొక చుట్ట. గనిలో పోవునది మనుష్యులు.

దోషము తన్ను తానే చాటుకొనునట్లు యంత్రము నమర్చుట కూడ ఈ చరిత్రలోనిదే. 1872లో విలియం రాబిన్సన్ యను అమెరికావాడు రైలుపట్టాలలోనుండియే ప్రవాహమును నిరంతరము పోనిచ్చు పద్ధతి కనిపెట్టెను. ప్రవాహమున్నంతవరకే దారి యిచ్చు గుర్తు నిలుచును. బండి వచ్చినను, పట్టా విరిగినను, తీగ తెగినను, బ్యాటరీ చచ్చినను అది ‘ఆగుము’ అనును. మన గంట తెగినప్పుడు మౌనము వహించును. ఆ మౌనమును ‘అంతయు క్షేమమే’ అని పొరబడవచ్చును. రాబిన్సన్ పద్ధతిలో మౌనమే హెచ్చరిక.

మన దేశములోను గనులలో వాడు విద్యుత్పరికరములను, వాయువునకు నిప్పంటింపనివని పరీక్షించి, అనుమతించు ఏర్పాటున్నది. ధన్‌బాద్‌లో గనుల భద్రతా కార్యాలయమును, 1956లో స్థాపింపబడిన గనుల పరిశోధనశాలయు గలవు. అట్టి పరికరములోని ఒక తీగను మార్చినను, ఒక చుట్టను వేరొకదానితో ముడిపెట్టినను, ఆ అనుమతి దానికి చెల్లదు. ‘పనిచేయుచున్నది గదా’ అను సమాధానము అక్కడ నిలువదు.

మరుసటి ఆదివారము శిష్యుడు తగిన నిరోధపుతీగను తెచ్చి ఆ రెండు మరలకు బిగించెను. తలుపులు మూసి, చీకటి చేసి, గంట మ్రోగించితిమి. శబ్దములో భేదము నా చెవికి తెలియలేదు. నీలిరవ్వ మాత్రము కంటికానలేదు. చాలసేపు తేరిపార చూడగా సూదిమొనంత వెలుగు కనబడినట్లుండెను. కంటికి కానరానంతమాత్రమున గనికి పనికివచ్చునని యర్థము గాదని, అది పరీక్షశాలవారు చెప్పవలసిన మాట యని వాడే నాతో ననెను. కావుననే అది బడికి చేరినది. పెట్టెకు ఇనుపమూతకు మారుగా గాజుపలక వేయించితిమి. బడిలో దానిని మ్రోగింపవచ్చిన పిల్లవాడు మొదట ఆ ప్రక్కతీగ రెండు మరలకును బిగిసియున్నదో లేదో చూచి, పిమ్మట మీట నొక్కును.